చీల తల మీద చంద్రవంక

దర్జీ అక్కకి కుట్టు చూస్తే కుట్టిన చెయ్యి తెలిసిపోతుంది. ఏ చొక్కా అయినా సరే, మడత తిప్పి చూపిస్తే చాలు, కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చుకుని, "ఇది బజారు మూల ముసలాయన పని. దారం తెంపే ముందు రెండు ముళ్ళేస్తాడు. ఈ కాజాలు మాత్రం ఆయన కోడలివి, పొయ్యి మీద పాలు పెట్టొచ్చి కుట్టినట్టున్నాయి" అనేస్తుంది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కితే వచ్చిన విద్య అది. విద్య ఎప్పుడూ మేలే చేస్తుందంటారు గానీ, ఒక్కోసారి మనం అడగనిది కూడా చూపించి కూర్చుంటుంది.

గురువారం పొద్దున ఆమె ఒక ఆకుపచ్చ గుడ్డ పరుచుకుని అంచు కుడుతోంది. అది కిటికీ పరదా కాదు, బోర్డుకి వేసే ముసుగు. ఆదివారం పాత రైలు కట్ట మీద ఒక బోర్డు తెరుస్తున్నారు, దాని మీద ఉండబోయేది వాళ్ళ నాన్న పేరు. అందుకని పచ్చికుట్లు వేసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ మిషను మీద పెట్టి, పెళ్ళిబట్టకంటే శ్రద్ధగా కుడుతోంది.

"ఏమే, లాగి అవతల పారేసే గుడ్డ అది. దానికి కూడా మడతకుట్టా?" అన్నాడు ఆమె మొగుడు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పటికీ గుమ్మం దాటేటప్పుడు తలుపు మీద చరిచి "రైట్" అంటాడు.

"లాగేదాకా అందరూ చూసేది దాన్నే కదండీ."

"అదీ నిజమే. తెరిచాక బోర్డు చదివేవాడెవడు!"

అంతలో లెక్కల మాస్టారు వచ్చాడు. పాత పట్టాల వెంట నడిచేవాళ్ళకి ఈయనే పెద్ద. సున్నం బట్టీల నుంచి జంక్షన్ దాకా పన్నెండు కిలోమీటర్ల లైను. బట్టీలు చల్లారి, రైలు ఆగిపోయి ముప్పై అయిదేళ్ళయింది. పట్టాలు పీక్కెళ్ళడానికి కూడా ఎవరూ రాలేదు. బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయాక, ఈ మాస్టారు ఒక కొలత చక్రం దొర్లించుకుంటూ ఆ కట్ట మీద నడవడం మొదలెట్టాడు. మొదట్లో పిచ్చెక్కిందన్నారు. తర్వాత ఒకరూ ఇద్దరూ తోడయ్యారు. ఇప్పుడు ఆదివారం వస్తే ముప్పై మంది, టోపీలూ మంచినీళ్ళ సీసాలూ పట్టుకుని, తుప్పు పట్టిన సిగ్నల్ స్తంభం కనబడితే పసిబిడ్డ కనబడ్డట్టు మురిసిపోతారు.

"బోర్డు మాట వినమ్మా" అని మాస్టారు కాగితం విప్పాడు. "'జంక్షన్ గేటు నుంచి ఆరో కిలోమీటరు రాయి దాకా ఈ లైనుని ఒంటిచేత్తో కాపాడిన ఉత్తమ కీమేన్.' కింద మీ నాన్నగారి పేరు. పెయింటరు రేపు సాయంత్రం రాయడం మొదలెడతాడు. బాగుందా?"

ఆమె మిషను ఆపి, గోడ మీదకి చూసింది. అక్కడ చెక్క షీల్డు వేలాడుతోంది. లైను మూసేసిన ఏడాదే, రైలు ఆగకముందే, ఉత్తమ కీమేన్ అని నాన్నకి ఇచ్చారు. పైన ఇత్తడి రేకు, దాన్ని వారం వారం చింపిగుడ్డతో తోముతుంది.

"బాగుంది మాస్టారూ" అంది. "మా అమ్మ ఉంటే ఎంత సంతోషపడేదో."

"రేపొకసారి నాతో నడువమ్మా. ఆదివారం ఎక్కడెక్కడ ఆగాలో గుర్తులు పెట్టుకోవాలి. కీమేన్ కూతురివి, నీకు తెలిసినన్ని సంగతులు నాకేం తెలుసు?"

"నాకూ తూము దాకానే తెలుసు మాస్టారూ. నాన్నకి అన్నం క్యారేజీ అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. అవతలికి రానిచ్చేవాడు కాదు, పాములున్నాయని."

*

శుక్రవారం ఎండ ముదరకముందే ముగ్గురూ బయల్దేరారు. ముందు మాస్టారు చక్రం దొర్లిస్తూ, మధ్యలో ఆమె, వెనక గొడుగేసుకుని కండక్టరు.

గేటు దగ్గర ఇంకా మూడు రాతి మెట్లున్నాయి. ఇంజన్లకి నీళ్ళు పట్టే ఇనుప గొట్టం మెడ వంచుకుని, ఎవరి కోసమో చూస్తున్న కొంగలా నిలబడింది. దూరంగా బట్టీల పొగగొట్టం. రాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి. గడ్డి పాయ తీస్తే పట్టా ఉంది, ఎర్రగా, మొద్దుగా.

ఆమె వంగి పట్టా పక్కన చేత్తో తుడిచింది. "ఇదిగో మాస్టారూ, ఇదీ మా నాన్న పని. ఈ బెత్తెడు ఇనుప చీలలు చూశారా? పట్టా కదలకుండా దిమ్మకి బిగించేవి ఇవే. బండి వెళ్ళిన ప్రతిసారీ అదురుకి కాస్త వదులవుతాయి. రోజూ ఆరు కిలోమీటర్లూ నడిచి, ఒక్కో చీలా తట్టి చూసి, వదులైతే కొట్టాలి. వదులైన చీల గొంతు వేరంట. నాన్న అనేవాడు, గట్టి చీల గంటలా పలుకుతుంది, వదులుది పగిలిన కుండలా ఏడుస్తుందని."

"అవతలి ఆరు కిలోమీటర్లో?"

"ఎడంచేతి బాబాయివి. బట్టీల వైపు నుంచి ఆయన, ఇటు నుంచి నాన్న. మధ్యలో రాయి దగ్గర కలుసుకుని ఇత్తడి బిళ్ళలు మార్చుకునేవాళ్ళు. ఆయన బిళ్ళ ఈయన దగ్గరుంటే, ఈయన పూర్తిగా నడిచినట్టు."

"ఆయన బతికే ఉన్నాడుగా? బట్టీల దగ్గర కత్తులకి సాన పడతాడు."

ఆమె ఆ మాట విననట్టే చీల మీదకి వంగింది. మొగుడు గొడుగు కింద నుంచి అందుకున్నాడు. "ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు మాస్టారూ. షీల్డు వీళ్ళ నాన్నకొచ్చిందని ఆయన కుళ్ళుకున్నాడని వీళ్ళమ్మ చెప్పేది. సన్మానానికి కూడా రాలేదట."

"రాలేదు" అంది ఆమె, పొడిగా.

చీల తల మీద, కుడి అంచున, గోటితో గిల్లినట్టు చిన్న చంద్రవంక ఉంది. సుత్తి అంచు ఏళ్ళ తరబడి ఒకే చోట పడితే ఏర్పడ్డ గుంట. తర్వాతి చీల మీదా అంతే. ఆ తర్వాతదీ అంతే. ఆమెకి నవ్వొచ్చింది. "నాన్న చెయ్యి" అనుకుంది. ముప్పై అయిదేళ్ళ తర్వాత నాన్న దస్తూరీ చదువుతున్నట్టే ఉంది. పట్టా పక్కనే నడుస్తూ, వంగుతూ లేస్తూ, ఒక్కోదాన్నీ బొటనవేలితో తడుముతూ కిలోమీటరు నడిచింది. తూము వచ్చింది. కట్ట కింద నుంచి వానకాలవ పోయే చిన్న రాతి తూము. దాని పక్క బండరాయి, కూర్చునీ కూర్చునీ నున్నగా అరిగిపోయి ఉంది.

"ఇక్కడే క్యారేజీ ఇచ్చేదాన్ని" అంది.

తూము దాటాక మళ్ళీ వంగింది. బొటనవేలు కుడి అంచు మీద పెట్టింది. అక్కడేమీ లేదు. వేలు జరిపింది. చంద్రవంక ఎడమ అంచున ఉంది.

పక్క చీల చూసింది. ఎడమ. దాని పక్కది. ఎడమ. పైకి లేచి పది అడుగులు వేసి మళ్ళీ చూసింది. ఎడమ. అవతలి పట్టాకి వెళ్ళి, అటు తిరిగి ఇటు తిరిగి, తనే సుత్తి పట్టుకున్నట్టు చెయ్యి ఊపి చూసుకుంది. అనుమానం లేదు. ఇది కుడిచేతి దెబ్బ కాదు. కొన్నిటి మీద కుడి అంచున పాత గుంటలున్నాయి, నిజమే. కానీ వాటిని తొక్కేస్తూ పైన పడిన కొత్త దెబ్బలన్నీ ఎడమవే.

"ఏమ్మా, ఎండ తగిలిందా?" అన్నాడు మాస్టారు.

"లేదు మాస్టారూ. పదండి."

మిగతా అయిదు కిలోమీటర్లూ ఆమె చీలల మీదే కళ్ళు పెట్టి నడిచింది. మాస్టారు పాత తూకం వేదిక చూపించాడు, విరిగిన సిగ్నల్ చెయ్యి చూపించాడు, ఊఁ అంది. రెండో రాయి, మూడో రాయి, నాలుగో రాయి. ఎడమ, ఎడమ, ఎడమ. లైను ఆగిన రోజే నాన్న సుత్తి అప్పజెప్పాడు. ఆయన తర్వాత ఈ ఆరు కిలోమీటర్ల బీటు చేసినవాడు లేడు. మరి ఈ చెయ్యి ఇక్కడికెలా వచ్చింది?

ఆరో రాయి దగ్గర కూర్చుని నీళ్ళు తాగుతుంటే, ఎందుకో క్యారేజీ గుర్తొచ్చింది. ఆఖరి ఏడాది నాన్న, "కాస్త ఎక్కువ పెట్టు, ఆకలేస్తోంది" అనేవాడు. సగానికి సగం ఎక్కువ పెట్టేది అమ్మ. సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీగా, ఆకుతో శుభ్రంగా తుడిచి వచ్చేవి. అమ్మ ఆ డబ్బా చూసి ఎన్నిసార్లు నవ్విందో! "ఇంట్లో తిన్న కంచం జరపని మహానుభావుడు, అక్కడ డబ్బాలు తుడుస్తున్నాడే!"

ఆమె నీళ్ళసీసా మూత పెట్టడం మర్చిపోయింది. నీళ్ళు ఒళ్ళో ఒలికాయి.

*

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన గొడుగు ముడిచినవాడు మళ్ళీ విప్పి, మళ్ళీ ముడిచాడు.

"ఆ గుంటలు నీకు తప్ప ఎవరికీ తెలియవు కదే?"

"తెలియవు."

"మరి నోరు మూసుకుని కూర్చుంటే పోయేదేముంది? బోర్డు వచ్చింది, నాన్న పేరొచ్చింది. చచ్చిపోయిన మనిషిని ఇప్పుడు బజార్లో నిలబెట్టి, నువ్వు కాదు నడిచింది అంటావా?"

ఆమె షీల్డు దించి ఒళ్ళో పెట్టుకుని ఇత్తడి రేకు తోముతూ కూర్చుంది. పద్ధెనిమిదేళ్ళప్పుడు, ఈ షీల్డు చంకలో పెట్టుకుని వీధిలో నడుస్తూ, ఎదురొచ్చిన ఎడంచేతి బాబాయితో తనన్న మాట ఇప్పుడు చెవిలో మోగింది. "ఎడంచేత్తో సుత్తి పట్టేవాళ్ళకి షీల్డులు రావు బాబాయ్!" ఆయన ఆగి, షీల్డు వైపు చూసి, "అవునమ్మాయ్, రావు" అని నవ్వి వెళ్ళిపోయాడు. అది కుళ్ళుబోతు నవ్వని ఇన్నాళ్ళూ అనుకుంది.

"నేను పోయి అడుగుతానండీ" అంది.

"ఏమని?"

"తెలీదు. కత్తెర మొద్దుబారింది."

*

శనివారం బస్సెక్కి బట్టీల దగ్గర దిగింది. గొళ్ళెం కూడా లేని షెడ్డులో, కాలితో సానచక్రం తొక్కుతూ ఉన్నాడు ఎడంచేతి బాబాయి. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. కనుబొమ్మల మీద ఇనుపరజను. ఆమెని చూసి చక్రం ఆపలేదు.

"దారి తప్పావా అమ్మాయ్?"

"కత్తెర, బాబాయ్."

ఎడంచేత్తో అందుకుని, వేలి మీద అంచు ఆనించి చూశాడు. "మొద్దుబారిందా? జుట్టు వెంట్రుక తెగుతుంది దీనితో. అబద్ధం చెప్పాలంటే కాస్త అరగదీసుకుని తీసుకురావాలి."

ఆమె పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. "తూము అవతల చీలలన్నీ ఎడంచేతివి బాబాయ్."

చక్రం ఆగింది.

"నేనేం నడవలేదు" అన్నాడు వెంటనే.

"నువ్వు నడిచావని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆయన కాసేపు కత్తెర వైపు చూసి, గడ్డం గోక్కుని, చివరికి నవ్వాడు. అదే నవ్వు. ఇప్పుడు చూస్తే అందులో కుళ్ళు లేదు, దొరికిపోయిన దొంగతనం ఉంది.

"మీ నాన్నకి ఊపిరి ఆడేది కాదు. సున్నం దుమ్ము. తూము దాకా వచ్చేసరికి చేపలా నోరు తెరిచేవాడు. డాక్టరు చూస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. లైను మూసెయ్యడానికి ఇంకా ఏడాది ఉంది, నువ్వేమో పెళ్ళికెదిగావు. 'కూర్చో, నేను చూసుకుంటా' అన్నాను. అంతే."

"రోజూనా? నీ ఆరు, ఆయన అయిదు, మళ్ళీ వెనక్కీనా?"

"ఆయన ముక్కలో చీల జారితే పడే బండి, నా ముక్క మీదకి రావలసిన బండే కదా! పట్టాకి తెలుస్తుందా ఇది ఎవరి బీటో? పైగా మీ అమ్మ వంట. ఏమాటకామాటే చెప్పాలి, ఆ చేతి వంట కోసం ఇంకో ఆరు నడవచ్చు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆయన గాభరాపడి, రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని, ఏం చేయాలో తోచక కత్తెర ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఏడవకు. మీ నాన్న ఊరికే కూర్చున్నాడనుకుంటున్నావా? ఆ రాయి మీద కూర్చుని, పట్టాకి చెవి ఆనించేవాడు. నేను అవతల కొడుతుంటే చప్పుడు పట్టాలోంచి ఆయనకి వినబడేది. ఏదైనా చీల సరిగ్గా పలకలేదో, రాయి తీసుకుని పట్టా మీద ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు. 'మళ్ళీ కొట్టు' అని. ఓయబ్బ, ఎంత చాదస్తం! నాకు చెయ్యి ఉంది గానీ ఆ చెవి లేదమ్మా. మొదటి మైలంతా ఆయన చెవే. ఆ తర్వాతది నా ఖర్మ, రెండేసిసార్లు కొట్టుకుంటూ పోయేవాణ్ణి, ఆయన తిట్టాడేమో అనుకుని."

"మరి సన్మానానికి ఎందుకు రాలేదు?"

"వస్తే మీ నాన్న నోరు జారేవాడు. వేదిక ఎక్కి అంతా చెప్పేస్తానని అప్పటికే రెండుసార్లన్నాడు. చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడేవి. నేను ఎదురుగా లేకపోతే చెప్పడని ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నా."

"రేపు బోర్డు మీద నీ పేరు కూడా రాయిస్తాను బాబాయ్."

ఆయన మొహం గట్టిపడింది. "వద్దు. ఆయన బతికుండగా దాచినదాన్ని, పోయాక బోర్డెక్కిస్తావా? నా పేరు రాస్తే, ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఆయన కూర్చున్నాడనే గుర్తుంటుంది, విన్నాడని ఉండదు. జనం సంగతి నీకు తెలీదా?"

పొగగొట్టం నీడ షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. ఆమె లేచేటప్పుడు, "రేపు పది గంటలకి తూము దగ్గరికి రా. బోర్డు కోసం కాదు. క్యారేజీ తెస్తాను" అంది.

"మీ అమ్మ వంటా?"

"అమ్మ దగ్గర నేర్చుకున్న వంట."

"అయితే చూస్తాలే" అన్నాడు.

తిరుగుదారిలో పెయింటరు కొట్టు దగ్గర బస్సు దిగింది. మాస్టారు అక్కడే ఉన్నాడు. బోర్డు మీద అక్షరాలు ఇంకా తడిగానే ఉన్నాయి. "ఒక్క మాట తీసెయ్యండి మాస్టారూ. 'ఒంటిచేత్తో' అన్నది అబద్ధం" అంది.

"ఎందుకమ్మా?"

"రేపు చెబుతాను. ఆ ఖాళీ అలాగే ఉంచండి. ఇంకేమీ రాయొద్దు."

*

ఆదివారం తూము దగ్గర ముప్పై మంది పైనే చేరారు. ఆకుపచ్చ ముసుగు గాలికి ఉబ్బుతోంది. కండక్టరు జనాన్ని "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని సర్దుతున్నాడు. అందరికంటే వెనక, కొత్తగా ఉతికిన చొక్కాలో, చేతులు వెనక్కి కట్టుకుని ఎడంచేతి బాబాయి నిలబడ్డాడు. ఇక్కడికి అనుకోకుండా వచ్చినట్టు ఆకాశంకేసి చూస్తున్నాడు.

ఆమె తాడు లాగింది. ముసుగు జారింది. చప్పట్లు కొట్టారు. బోర్డు మధ్యలో ఒక మాట పట్టేంత తెల్లటి జాగా ఉంది. మాస్టారు మాట్లాడమన్నాడు. నలుగురిలో నిలబడి మాట్లాడిన మనిషి కాదు. ముసుగు గుడ్డ మడతపెడుతూ మొదలెట్టింది. చేతిలో గుడ్డ ఉంటే ఆమెకి ధైర్యం.

"నాకు ఉపన్యాసాలు రావు. కుట్లు తెలుసు. ఈ లైను కూడా ఒక కుట్టే. మా నాన్నవి మంచి చెవులు. ఈ రాయి మీద కూర్చుని, పట్టాకి చెవి ఆనించి, ఏ చీల బిగిసిందో ఏది లేదో వినేవాడు. కొట్టిన చెయ్యి వేరు. ఎవరిదో నేను చెప్పను, చెప్పొద్దన్నారు. మీకు కళ్ళున్నాయి, వేళ్ళున్నాయి. వంగి చీలలు తడిమి చూడండి. గేటు నుంచి తూము దాకా గుంట కుడి అంచున ఉంటుంది, అది మా నాన్నది. తూము నుంచి చూసుకుంటూ పొండి. ఆ చెయ్యి కనబడితే, దానికి నా తరఫున దణ్ణం పెట్టండి. నేను ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా పెడుతున్నాను."

టోపీలవాళ్ళు ఒక్కొక్కరే వంగారు. "ఎడమ" అంది ఒకావిడ. "ఇదీ ఎడమే." "ఇటు పట్టా కూడా." వంగుతూ, లేస్తూ, పిలుచుకుంటూ దూరంగా పోతున్నారు. "ఇక్కడా ఎడమే! మాస్టారూ, ఇంకా ఎంత దూరం?" మాస్టారు చక్రం వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక చీలని అరచేత్తో తుడుస్తున్నాడు. లెక్క అర్థమైనట్టుంది, తల తిప్పి వెనక నిలబడ్డ ముసలాయన చేతుల వైపు చూశాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా" అన్నాడు బాబాయి ఆమె పక్కకొచ్చి.

"నీ పేరు చెప్పానా?"

"చెప్పలేదు. వినేవాడన్నావు. కూర్చున్నాడనలేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఏ చెయ్యి వాడాలో తెలియనట్టు రెండూ వాడాడు.

తూము పక్కన క్యారేజీ విప్పింది. ఇద్దరూ తిన్నారు. "ఉప్పు మీ అమ్మ చేతిదే" అని ఒప్పుకున్నాడు. తిన్నాక పక్కనున్న చెట్టు నుంచి ఒక వెడల్పాటి ఆకు తెంపి, పాత అలవాటు కొద్దీ, డబ్బాలన్నీ ఒక్కొక్కటీ అంచుల దాకా తుడిచి, మూతలు పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

మాస్టారు సుత్తి ఒకటి తెచ్చాడు. "ఒక్కసారి చూపించండి బాబాయిగారూ" అన్నాడు. ముసలాయన వద్దు వద్దంటూనే, ఎడంచేత్తో పిడి బరువు చూసుకుని, కట్ట వెంట నడుచుకుంటూ పోయాడు, పిలిస్తే అందేంత దూరం. దర్జీ అక్క నున్నటి రాయి మీద కూర్చుని, కళ్ళద్దాలు తీసి, తుప్పు పట్టిన పట్టాకి చెవి ఆనించింది. చల్లగా ఉంది. ఏమీ వినబడలేదు. తర్వాత, ఎక్కడో లోపల్నుంచి, ఒక దెబ్బ వచ్చింది. కొంచెం పగిలిన కుండ చప్పుడు. ఇన్నేళ్ళ తుప్పు మరి.

ఆమె పక్కన చేత్తో తడిమి ఒక రాయి అందుకుంది. పట్టా మీద రెండు దెబ్బలు కొట్టింది.

అవతల సుత్తి ఆగింది. తర్వాత ముసలాయన గొంతు కట్ట పొడుగునా వినబడింది. "అచ్చం వాళ్ళ నాన్నే! అదే చాదస్తం!"

ఆ వెనకే, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త గంటలా, ఇంకో దెబ్బ ఆమె చెవిలోకి నడిచొచ్చింది.